కారుతున్న లోలకంతో బెంగళూరు దాకా

జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం నేనూ నాన్నా గుంటూరులో కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. నా సంచిలో డిగ్రీ మార్కుల జాబితాలు, ఫిజిక్స్ ల్యాబ్ రికార్డు, ఒక స్టీలు నీళ్ల సీసా ఉన్నాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో, అంటే అందరూ ఐఐఎస్సీ అనే చోట, భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి ఒకే చోట చేసే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు వెళ్తున్నాము. ఎమ్మెస్సీ ప్రవేశాలకు దేశమంతటా జరిగే జామ్ పరీక్షలో వచ్చిన ర్యాంకు ఇంటర్వ్యూ పిలుపు వరకు పనికొచ్చింది. అక్కడి నుంచి ఏమవుతుందో చెప్పగలిగినవారు మా ఊళ్లో లేరు. నర్సరావుపేట, వినుకొండ, మార్కాపురం ఒకదాని వెంట ఒకటి దాటిపోతుండగా పుస్తకం తెరిచి కూర్చున్నాను గాని, గిద్దలూరు దాటి రైలు నల్లమలలోకి వెళ్లేసరికి కిటికీలో నా ముఖం తప్ప మరేమీ కనిపించని చీకటి కమ్ముకుంది. పుస్తకం మూసేశాను.

అప్పటికి నా ముందు మూడు దారులు ఉన్నాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష అయిన సీయూఈటీ మార్కులతో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రెండేళ్ల ఎమ్మెస్సీ సీటు దాదాపు ఖాయంగా కనిపిస్తోంది. పేరు చెప్పడం అనవసరమైన ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం అంతకు నెల రోజుల ముందే ఐదు నిమిషాల ఇంటర్వ్యూ చేసింది. అందులో ర్యాంకు ఎంత, నాన్న ఏం చేస్తారు అన్న రెండు ప్రశ్నలే అడిగి, ఫీజులో రాయితీతో సీటు ఇస్తామన్నారు. ఆ సులభత్వం మొదట సంతోషాన్నే ఇచ్చిందని ఒప్పుకోవాలి. మూడవది ఈ ప్రయాణం.

తెల్లవారి హిందూపురం దాటాక గాలి చల్లబడింది. యశ్వంతపూర్ స్టేషన్‌లో దిగి, పక్కనే ఒక లాడ్జిలో స్నానాలు ముగించుకుని ఆటో ఎక్కాము. ఐఐఎస్సీ అంటే అర్థం కానట్టు చూసిన డ్రైవరు, మరుక్షణం "టాటా ఇన్‌స్టిట్యూటా?" అన్నాడు. ఆ పేరుకు కారణం లోపలికి వెళ్లగానే కనిపించింది: రాతితో కట్టిన ప్రధాన భవనం, దాని ముందు పచ్చిక మధ్య జంషెట్‌జీ టాటా విగ్రహం. సంస్థ 1909లో ఏర్పడింది. దానిని కలగన్న టాటా అంతకు ఐదేళ్ల ముందే, 1904లో మరణించాడు. మైసూరు సంస్థానం ఇచ్చిన 371 ఎకరాల్లో ఇప్పుడు భవనాల కంటే చెట్లే ఎక్కువనిపిస్తుంది. 1957 నుంచి 1962 వరకు ఈ సంస్థకు డైరెక్టరుగా ఉన్న సూరి భగవంతం గారు అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టినవారని నాన్నకు చెబితే, ఆయన ఏమీ మాట్లాడకుండా చొక్కా సరిచేసుకున్నారు.

భౌతికశాస్త్ర విభాగం వరండాలో పదిహేను మంది దాకా కూర్చున్నాము. లోపలికి వెళ్లినవారు అరగంటకు గాని బయటికి రావడం లేదు, వచ్చినవారు ఏమడిగారో చెప్పకుండా నీళ్లు తాగుతున్నారు. నా వంతు వచ్చేసరికి పదకొండున్నర దాటింది. బల్లకు అవతల నలుగురు ఆచార్యులు, ఇవతల ఒక నల్లబల్ల, చాక్‌పీసులు. కుర్చీ కూడా ఉంది గాని దానిలో నేను కూర్చున్నది రెండు నిమిషాలే.

ఇష్టమైన అంశం చెప్పమంటే డోలనాలు అన్నాను. ఒకాయన చాలా మామూలుగా, లఘు లోలకానికి బోలు గుండు కట్టి నిండా నీళ్లు పోసి, అడుగున చిన్న రంధ్రం చేస్తే ఆవర్తన కాలం, అంటే ఒక పూర్తి ఊపుకు పట్టే సమయం, ఎలా మారుతుందని అడిగారు. ఇంటర్మీడియట్‌లో ఎంసెట్ కోసం చదివిన ప్రతివారికీ ఇది కనీసం పది సార్లు ఎదురైన బిట్టు. "మొదట పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది, చివరికి మొదటి విలువకే వస్తుంది" అని ప్రశ్న పూర్తికాకముందే చెప్పేశాను. నిండుగా ఉన్నప్పుడూ పూర్తిగా ఖాళీ అయినప్పుడూ గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు భావించే బిందువు, గోళ కేంద్రంలోనే ఉంటుందనీ, మధ్యలో అది కిందికి జారడం వల్ల లోలకం పొడవు పెరుగుతుందనీ కారణం కూడా చెప్పాను. ఆయన తల ఊపి, "నీటి మట్టం ఎక్కడ ఉన్నప్పుడు ఆవర్తన కాలం అన్నిటికంటే ఎక్కువ?" అన్నారు.

ఆ ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు లేవు. గోళంలో కొంత భాగం నిండిన నీటి ఘనపరిమాణానికి సమాకలనం రాయడం మొదలుపెట్టాను. గుండు బరువు ఒకటి, నీటి బరువు ఒకటి, మట్టం ఒక చలరాశి. హారంలో ఘనపదాలు, లవంలో చతుర్థ పదాలు వచ్చి చేరాయి. సగం బల్ల నిండాక అవకలనం చేసి సున్నాకు సమానం చేశాను. ఆ సమీకరణం ఎటూ కదలలేదు. చెయ్యి చెమర్చి చాక్‌పీసు జారిపోయింది. నలుగురిలో ఎవరూ తొందరపెట్టలేదు. నాకైతే ఆ నిశ్శబ్దం కంటే ఎవరైనా కోప్పడితేనే నయమనిపించింది.

చివరికి కిటికీ పక్కన కూర్చున్న ఆచార్యురాలు, "గోళాన్ని మరిచిపో. ఏ ఆకారమైనా సరే. పైనుంచి ఒక పలచని నీటి పొర తీసేస్తే గరిమనాభి ఎటు జరుగుతుంది?" అన్నారు. ఆ పొర గరిమనాభికి పైన ఉంటే, దానిని తీసేసినప్పుడు గరిమనాభి కిందికి దిగుతుంది. ఆ పొర గరిమనాభికి కింద ఉంటే, తీసేసినప్పుడు పైకి లేస్తుంది. అంటే నీటి మట్టం దిగుతూ దిగుతూ గరిమనాభిని తాకే క్షణం వరకు అది కిందికి పోతుంది, తాకిన తర్వాత పైకి తిరుగుతుంది. గరిమనాభి అతి కింద ఉండేది నీటి మట్టమూ అదీ ఒకే ఎత్తులో ఉన్నప్పుడే. అరబల్ల గణితం చేయలేని పనిని రెండు వాక్యాలు చేశాయి. నేను ఆ వాక్యాలు నత్తినత్తిగా, సగం తెలుగులో చెప్పానని తర్వాత గుర్తొచ్చి సిగ్గుపడ్డాను గాని, అక్కడ ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

అసలు దెబ్బ దాని తర్వాత తగిలింది. ఇంకొకాయన నా ల్యాబ్ రికార్డు తీసుకుని, లోలకంతో గురుత్వ త్వరణం కొలిచిన పేజీ దగ్గర ఆగారు. అక్కడ చక్కటి దస్తూరితో 980.2 సెంటీమీటర్లు ప్రతి సెకను వర్గం అని ఉంది. ఎన్ని డోలనాలు లెక్కపెట్టావు, ఎంత సమయం పట్టింది, స్టాప్ వాచ్ నొక్కడంలో నీ వేలు ఎంత ఆలస్యం చేస్తుంది అని వరుసగా అడిగారు. మీటరు పొడవు లోలకానికి ఇరవై డోలనాలకు సుమారు 40 సెకన్లు, వేలు ఆలస్యం 0.2 సెకను అన్నాను. అంటే కాలంలో అర శాతం దోషం, త్వరణంలో కాలం వర్గం వస్తుంది కనుక దోషం ఒక శాతం, అంటే దాదాపు 10. "మరి 980 తర్వాత ఆ 2 ఎక్కడిది?" అన్నారు. తర్వాత, మీ ప్రాంతంలో ఈ విలువ నిజంగా ఎంత ఉంటుందో తెలుసా అని అడిగి, నేను తెలియదంటే, భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన వైపు అది 978 చుట్టుపక్కల ఉంటుందని, 980.665 అన్న ప్రామాణిక విలువ వేరే అక్షాంశానికి సంబంధించినదని చెప్పారు.

అబద్ధం చెప్పడానికి వీలున్న చోటు అది. క్లాసులో అందరి రికార్డుల్లోనూ ఇంచుమించు అదే విలువ ఉందనీ, లోలకాన్ని ఊపిన మాట నిజమే గాని చివరి అంకెకు సరిపోయేలా రీడింగులు వెనక్కి రాసుకున్నామనీ చెప్పేశాను. ఆయన నవ్వలేదు, మందలించలేదు. రికార్డు మూసి వెనక్కి ఇస్తూ, "గోళం కష్టమైతే సీసాకు చేసి చూడు, రైల్లో సమయం ఉంటుంది కదా" అన్నారు. ఆ నలభై నిమిషాలు ముగిసి బయటికి వచ్చినప్పుడు, సీటు రాదన్న విషయంలో నాకు సందేహం లేదు.

నాన్న ఒక చెట్టు నీడలో కూర్చుని ఉన్నారు. ఏమైందని అడగకుండా భోజనానికి తీసుకెళ్లారు. రాత్రి దాకా రైలు లేదు కనుక ఆ మధ్యాహ్నమంతా అక్కడే తిరిగాము. వరండాలో పరిచయమైన ఒక పరిశోధక విద్యార్థిని తన ల్యాబుకు తీసుకెళ్లి చూపించింది. ద్రవ హీలియంతో చల్లబరిచే పరికరం ఒకటి మూడు వారాలుగా పనిచేయడం లేదట, ఎక్కడో లీకు ఉంది, వెతుకుతున్నారు. ఆమె నోటుపుస్తకంలో పేజీలకు పేజీలు రీడింగులు కొట్టివేసి ఉన్నాయి. ప్రతి కొట్టివేత పక్కన తేదీ, కారణం రాసి ఉన్నాయి. ఒక్క పేజీ కూడా చింపలేదు. నా రికార్డులో దిద్దుబాట్లు లేకపోవడం వల్ల అందంగా ఉందని మా కాలేజీలో మెచ్చుకున్నారు. నాన్న మోటార్లు రివైండింగు చేస్తారు. బల్ల మీది ఒక రాగి చుట్టను చూసి అది ఎన్ని గేజి తీగ అని వచ్చీరాని హిందీలో అడిగితే, ఆ అమ్మాయి తీగ మందం కొలిచి మరీ చెప్పింది. వాళ్లిద్దరూ ఇన్సులేషను గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నారు.

ఈ విభాగాన్ని 1933లో ప్రారంభించింది సి.వి. రామన్. ఆ ఏడాదే సంస్థకు మొదటి భారతీయ డైరెక్టరుగా వచ్చారు. అదే సంవత్సరం బొంబాయి విశ్వవిద్యాలయంలో ప్రథమ స్థానంలో నిలిచిన కమలా భాగవత్ ఈ సంస్థలో చేరతానంటే, ఆడపిల్లలను తీసుకోనని తిప్పి పంపబోయినదీ ఆయనే. ఆమె పట్టుబట్టి, ఏడాది పరీక్షాకాలం అనే షరతుకు ఒప్పుకుని చేరి, తర్వాత కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొంది కమలా సొహోనీగా ప్రసిద్ధికెక్కారు. రామన్ తర్వాత తన వైఖరి మార్చుకున్నారంటారు. నా ఇంటర్వ్యూను కఠినమైనదని చెప్పుకునేటప్పుడు ఆమె ఎదుర్కొన్నది గుర్తొచ్చి కొంచెం గొంతు తగ్గిస్తాను. సాయంత్రం దగ్గరలోనే ఉన్న రామన్ పరిశోధన సంస్థ గోడ వెంట నడిచాము. 1970లో రామన్ అంత్యక్రియలు ఆ ఆవరణలోనే జరిగాయి, సమాధికి బదులు ఒక చెట్టు నాటారు. బయటి నుంచి చూస్తే అన్నీ చెట్లే, అది ఏదో తెలియలేదు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని కూడా చూసి వెళ్దామని కాచిగూడ రైలెక్కాము. రైల్లో నిద్ర పట్టలేదు. ఆచార్యుల మాట ప్రకారం సీసా తీసుకుని లెక్క వేశాను. సీసా బరువూ, అందులో నిండుగా పట్టే నీటి బరువూ సమానమనుకుంటే, నీరు ఎత్తులో సుమారు 41 శాతం ఉన్నప్పుడు గరిమనాభి అతి కింద ఉంటుంది. రెండు యొక్క వర్గమూలంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య అది. నా చేతిలోని సీసాకైతే 300 గ్రాముల స్టీలు, 750 గ్రాముల నీరు. మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. అంత మట్టానికి తాగి, పక్కనున్న చిన్న బల్ల మీద నిలబెట్టాను. రైలు ఊగుతుంటే అది పడలేదు. నిండు సీసా కూడా పడేది కాదేమో, ఆ పరీక్ష చేయలేదు కనుక ఇది ఏదీ రుజువు కాదు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని నేను తక్కువగా చూడలేదు. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత కేంద్రం ప్రకటించిన ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో ఏర్పడి, ఆబిడ్స్‌లోని సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలైన ఆ సంస్థకు గచ్చిబౌలిలో ఉన్న రాతిగుట్టలు, చెరువులు మరెక్కడా దొరకవు. రెండేళ్ల ఎమ్మెస్సీ తర్వాత దారి మార్చుకునే వీలుంది, ఇంటికి ఒక రాత్రి ప్రయాణం. భౌతికశాస్త్రమా, రసాయనమా అని ఇంకా తేల్చుకోనివారికి నేను అదే మంచిదంటాను. అక్కడ కలిసిన ఒక అధ్యాపకుడిని, ప్రయోగంలో విలువ తప్పుగా వస్తే విద్యార్థి ఏం చేయాలని అడిగాను. తప్పు ఎక్కడుందో రాస్తే పూర్తి మార్కులు ఇస్తానన్నారు. ఆ సమాధానం విన్నాక నా పని మరింత కష్టమైంది. రెండు చోట్లా మంచి జవాబే వచ్చినప్పుడు, తేడా సంస్థల్లో కాక నాలోనే వెతుక్కోవలసి వచ్చింది. ఆరేడేళ్లు ఒకే చోట ఉండడం నాన్నకు భయం, నాకు కాదు. నాకు భయమల్లా రెండేళ్లలో మళ్లీ పరీక్షలకు బిట్లు చదువుతూ పాత అలవాటులోకి జారిపోతానేమోనని. బెంగళూరులో సీటు వస్తే వెళ్లాలని గచ్చిబౌలి బస్‌స్టాపులోనే అనుకున్నాను, రాదన్న నమ్మకంతోనే.

పది రోజుల తర్వాత జాబితాలో నా సంఖ్య కనిపించింది. అంగీకారం తెలపడానికి ఇచ్చిన గడువులో చివరి రోజు ఉదయం మా డిగ్రీ కాలేజీకి వెళ్లి, ల్యాబ్ అటెండరును బతిమాలి లోలకం బయటికి తీయించాను. ఇరవై డోలనాల చొప్పున పది సార్లు కొలిచాను, రెండు సార్లు లెక్క తప్పి కొట్టివేసి పక్కన కారణం రాశాను. మధ్యాహ్నానికి వచ్చిన విలువ 971, దోషం 9 అటూ ఇటూ. అటెండరు తొంగి చూసి, "980 రాలేదేంటమ్మా, మళ్లీ చేస్తావా?" అన్నాడు. వద్దన్నాను. ఇంటికొచ్చి ఐఐఎస్సీ సీటుకు అంగీకారం పంపించాక, ఆ కాగితాన్ని పాత రికార్డులో ఆ పేజీకే అంటించాను.