విజిల్ మాస్టారు, పెన్సిల్వేనియా రాళ్లు

మన స్కూలు బ్యాచ్ కమిటీవాళ్లు వాట్సాప్‌లో పదే పదే గుర్తుచేస్తుంటే ఇక తప్పక రాస్తున్నాను. స్కూలు నీకేమిచ్చిందో రాయమన్నారు. నాకు తప్పు పుట్టినతేదీ ఇచ్చింది, దాంతోనే ఇప్పటికీ నెట్టుకొస్తున్నాను. సీనుగాడి గోడ దూకుడు, ల్యాబ్‌లో కప్ప, బి సెక్షన్ వాళ్ల కబడ్డీ మోసం ఎలాగూ మిగతావాళ్లు రాస్తారు. నాకు మాత్రం మన ఆటల మాస్టారు, అదే విజిల్ మాస్టారే.

ఎనిమిదో తరగతి కొండ నడక గుర్తుందిగా? బాషా, పొడుగు రాజు పైకెక్కి దిగి వస్తుంటే నేనింకా సగంలో రొప్పుతున్నాను. మాస్టారు మాత్రం ముందువాళ్లతో వెళ్లలేదు, చివరివాడినైన నా పక్కనే నడిచారు. "కూర్చోకురా, కాళ్లు బిగుసుకుపోతాయి. వెనక కాలు నిటారుగా పెట్టు. బరువంతా దాని మీద వెయ్యి. ఒక్క ఊపిరి తీసుకో. ఇప్పుడు రెండో కాలు." దారి పొడుగునా అదే పాఠం. మోకాలు వంగకుండా ఉంటే బరువు ఎముక మీద పడుతుంది, కండకి ఆ క్షణం విశ్రాంతి. పర్వతారోహకులు దీన్ని రెస్ట్ స్టెప్ అంటారని చాలా ఏళ్లకు తెలిసింది. ఆయనకెవరు నేర్పారో!

తర్వాత ఇంజినీరింగ్, అమెరికా, పెళ్లి, పిల్లలు. అమ్మాయి డాక్టరైంది, అబ్బాయి సొంత కంపెనీ పెట్టాడు. (గొప్పకి కాదు, సందర్భం వచ్చింది కాబట్టి.) సెలవు దొరికినప్పుడల్లా అక్కడి అప్పలాచియన్ ట్రైల్ అనే పొడవాటి కొండ కాలిబాటని ముక్కలు ముక్కలుగా నడుస్తున్నాను. జార్జియాలోని స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ కొండ దాకా 14 రాష్ట్రాలు, దాదాపు 3,500 కిలోమీటర్లు. చెట్లమీద తెల్లరంగు పట్టీలే దారి చూపిస్తాయి.

అందులో పెన్సిల్వేనియా అంటే అందరికీ హడల్. మంచుయుగంలో నీళ్లు గడ్డకట్టి, కరిగి పగలగొట్టిన రాళ్లు కొండ నెత్తి మీద మైళ్ల కొద్దీ పరుచుకుని ఉంటాయి. ఒక్కటీ చదునుగా ఉండదు. అలాంటి రాళ్ల మీద రోజుల తరబడి నడిచి, అరికాళ్లు మండుతుండగా లీహై గ్యాప్‌కి, అంటే కొండల మధ్య నది పారే సందుకి, చేరాను. నది దాటగానే సుమారు వెయ్యి అడుగుల ఎక్కుడు. కింద పామర్టన్ అనే ఊళ్లో 1898 నుంచి 1980 దాకా జింకు కరిగించిన పొగకి ఆ కొండ మీద చెట్లు చచ్చిపోయాయి. 1983లో ప్రభుత్వం శుభ్రం చేయాల్సిన విషస్థలాల జాబితాలో చేర్చింది. గడ్డి మళ్లీ మొలుస్తోంది గానీ, మిట్ట మధ్యాహ్నం తల దాచుకునే నీడ లేదు. పైన నీళ్లు దొరకవని కిందే సీసాలన్నీ నింపుకున్నాను, ఆ బరువొకటి.

ఎడమ మడమ దగ్గర చురుక్కుమంది. బొబ్బ లేవకముందే ఆగి, సాక్సు విప్పి, చర్మం ఆరనిచ్చి టేపు వేశాను. పాతికేళ్ల కుర్రాళ్లు "యూ గుడ్?" అంటూ దాటిపోయారు. గుడ్డే అన్నాను. తిరిగి రోడ్డు మీదకి దిగిపోతే మోటెల్, ఏసీ, పడక. మనసు ఆ లెక్కలు వేస్తుంటే కాళ్లు మాత్రం మాస్టారి మాట విన్నాయి. వెనక కాలు నిటారు, ఒక్క ఊపిరి, రెండో కాలు. పైన బండలు నిట్టనిలువుగా ఉన్నచోట ఆ పాఠం పనిచేయదు. చేతికర్రలు సంచికి కట్టేసి చేతులతో పాకాను. చేయి పెట్టిన రాయి పెనంలా కాలింది.

సాయంత్రానికి గుడారం వేశాను. అనుకున్న చోట కాదు, అందులో సగం దూరంలోనే. మాస్టారైతే "టైమెంత?" అని అడిగేవారు కాదు, బాషాని తప్ప.

ఆ దారిలో అందరికీ ఓ ముద్దుపేరు ఉంటుంది. నాది 'విజిల్'. సంచి పట్టీకి కట్టుకున్నది చూసి ఎవరో పెట్టారు. అక్కడ మూడుసార్లు ఊదితే ఆపదలో ఉన్నామని అర్థం. మన గ్రౌండ్‌లో అయితే నీళ్ల బెల్లు!

ఇక మెయిన్ మిగిలింది, కటాడిన్‌తో సహా. మన బ్యాచ్‌లో ఎవరైనా వస్తానంటే చెప్పండి, సంచి ఎలా సర్దుకోవాలో నేను చూస్తాను. సీనుగాడు మాత్రం వద్దు, పాడతాడు.