అసుంత సమాధి దగ్గరకు

రోముకు వెళ్లే కతోలిక యాత్రికుల్లో కొందరు నెత్తూనో పట్టణం దాకా వెళ్లి, పునీత (సెయింట్) మరియ గొరెట్టి అవశేషాలను దర్శించుకుని తిరిగి వస్తారు. నేనూ అక్కడ మోకరించాను గానీ, నా మనసంతా ఆ పునీతురాలి తల్లి మీదే ఉంది. కన్నకూతురి హత్య తర్వాత 52 ఏళ్లు బతికిన ఆ చదువు రాని రైతు స్త్రీ అసుంత కోసమే నేను ఈ యాత్ర తలపెట్టాను.

సొంత నేల లేని గొరెట్టి దంపతులు బతుకుతెరువు కోసం తమ ఊరు కోరినాల్దో విడిచి, చివరికి 1899లో రోముకు దక్షిణాన చిత్తడి నేలల్లోని లే ఫెరియెరెకు చేరి, పంటలో వాటాకు సేద్యం చేశారు. మరుసటి ఏడాదే భర్త మలేరియాతో కన్నుమూశాడు. ఆరుగురు పిల్లల తల్లి అసుంత తానే పొలంలోకి దిగగా, ఇంటి పని మరియ చేతికి వచ్చింది. వాళ్లున్న ఇల్లు ఇప్పుడు యాత్రాస్థలం. 1902 జూలై 5న ఆ ఇంటి మెట్ల పైన కూర్చుని మరియ చొక్కాకు మాసిక వేస్తోంది. తల్లి బయట కళ్లంలో చిక్కుడు గింజలు నూర్పిస్తోంది. అదే ఇంట్లో ఉండే అలెస్సాంద్రో అనే యువకుడు కళ్లం వదిలి లోపలికి వెళ్లి, తనకు లొంగని ఆ పిల్లను పొడిచాడు. ఆమె మర్నాడు నెత్తూనో ఆసుపత్రిలో, అతణ్ణి క్షమించి, ప్రాణం విడిచింది. ఆ మెట్ల ముందు నిలబడి జపమాల చెప్పుకుంటున్నంతసేపూ, పొట్టకూటి కోసం కళ్లంలో ఉండిపోయిన ఆ తల్లిని ఆ తర్వాత ఎన్ని రాత్రులు ఆ మధ్యాహ్నం వెంటాడి ఉంటుందో అనే ఆలోచన నన్ను వదలలేదు.

ఒంటరిగా సేద్యం సాగక ఆమె కోరినాల్దోకు తిరిగి వెళ్లి, అక్కడి చర్చి గురువు గారింట్లో పనికి కుదిరింది. 27 ఏళ్ల జైలు జీవితం తర్వాత విడుదలైన అలెస్సాంద్రో 1930ల్లో ఒక క్రిస్మస్‌ వేళ ఆ ఇంటికే వచ్చి క్షమాపణ అడిగాడు. మరియ క్షమించినవాణ్ణి తాను కాదనలేనని ఆమె అన్నదట. ఇద్దరూ దేవాలయంలో పక్కపక్కనే దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) స్వీకరించారు. మరణశయ్యపై బిడ్డ చూపిన క్షమ మహత్తరమైనదే. అయితే ముప్పై ఏళ్లకు పైగా కడుపుకోతను మోసిన మనిషి, ఎదుట నిలబడ్డ హంతకుణ్ణి చూసి ఆ మాట అనడం అంతకన్నా కష్టమని నేను నమ్ముతున్నాను.

1950 జూన్ 24న పన్నెండవ పయస్ పోపు గారు మరియను పునీతురాలిగా ప్రకటించినప్పుడు వృద్ధురాలైన అసుంత వతికానులోనే ఉంది. 1954 అక్టోబరులో ఆమె ప్రభువులో నిద్రించింది.

కొండమీద ఇటుక ప్రాకారాల మధ్య ఉండే కోరినాల్దోలో, కూతురి పేరిట వెలసిన దేవాలయంలోనే ఆమె సమాధి ఉంది. ఆ రాతిపై అరచేయి ఆనించి, పొలం పనుల్లో పడి పిల్లలకు దూరంగా ఉండక తప్పని తల్లులందరి కోసం ప్రార్థించాను. అలెస్సాంద్రో అవశేషాలు కూడా ఇదే దేవాలయంలో ఉన్నాయి. నెత్తూనో దాకా వెళ్లే మనవాళ్లు వీలు చేసుకుని ఇక్కడికి కూడా రావాలని, వచ్చినవాళ్లు ఆ తల్లి పేరిట ఒక పూజ చెప్పించాలని నా కోరిక.