ముప్పై ఏడేళ్ల చేతక్: చుట్టించిన ఎల్‌.టి. కాయిల్ ముప్పై ఒకటో కిలోమీటరు దాకా వచ్చింది

నిన్న సాయంత్రం కాశీనగరం నుంచి తిరిగి వస్తుండగా మా బజాజ్ చేతక్ స్కూటరు మళ్లీ ఆగిపోయింది. పర్లాకిమిడి ఇంకా కొద్ది దూరంలో ఉందనగా, గుణుపూరు లైను రైలు గేటు దాటిన వెంటనే, ఇంజను రెండు సార్లు దగ్గి ఊరుకుంది. ఇంతకుముందు పదకొండు, పదమూడు కిలోమీటర్ల మధ్యే ఆగేది. ఈసారి ముప్పై ఒక్కటి నడిచింది కాబట్టి మేలే అనాలి గాని, కొత్తగా చుట్టించిన ఎల్.టి. కాయిల్ (నిప్పురవ్వకు మొదటి కరెంటు ఇచ్చే తీగ చుట్ట) మీద పెట్టుకున్న ఆశ అంతా ఆ గేటు దగ్గర కూలిపోయింది. రాత్రి పది దాటే వరకు మాగ్నెట్ (ఇంజనులో కరెంటు పుట్టించే భాగం) విప్పి కొలతలు తీస్తూ కూర్చున్నాను.

ఈ బండిని నాన్నగారు 1988లో కొన్నారు. అప్పటికి ఒడిశాలోని మా గజపతి జిల్లా ఏర్పడలేదు. 1992 అక్టోబరు 2 వరకు మాది గంజాం జిల్లాయే కనుక బండికి ఆ జిల్లా నంబరే ఉంది. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు ముగిశాక ఐదేళ్లకొకసారి పొడిగించుకుంటూ వస్తున్నాము. 145 సి.సి. రెండు స్ట్రోకుల ఇంజనులో పిస్టన్, రింగులు, క్లచ్ ప్లేట్లు మార్చాను, అవన్నీ బాగున్నాయి. కొత్త టైర్లుగా ఎం.ఆర్‌.ఎఫ్. వేశాను, వానలో వాటి పట్టు నాకు బాగా నచ్చింది. మిగిలిన జబ్బు ఇదొక్కటే.

లక్షణాలు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్కుకే అందుకుంటుంది. వేడెక్కిన తర్వాత ముందు ఎత్తు మీద లాగుడు తగ్గుతుంది, ఆ తర్వాత అర కిలోమీటరులోపే ఆగిపోతుంది. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు నీడలో నిలిపితే ఏమీ జరగనట్టు మళ్లీ నడుస్తుంది. ఆగిన క్షణంలో ప్లగ్గు వైరు కొసను ఇంజనుకు దూరంగా పట్టుకుని చూస్తే, చల్లగా ఉన్నప్పుడు ఆరు మిల్లీమీటర్లు దూకే నీలి నిప్పురవ్వ రెండు మిల్లీమీటర్లు కూడా దూకడం లేదు; రంగు కూడా పసుపుగా మారుతోంది.

మొదట పెట్రోలును అనుమానించాను. ట్యాంకు మూత వదులు చేసి నడిపాను, ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వల్ల ఉబ్బిన పైపు తీసేసి వైటాన్ (పెట్రోలుకు ఉబ్బని రబ్బరు) పైపు వేశాను, కార్బొరేటరులో పెట్రోలు వచ్చే రంధ్రం, అంటే జెట్టు, ఒక సైజు పెంచాను. ఏమీ మారలేదు. మా వీధి చివర ఉండే పెద్ద మేస్త్రి ఆ రోజే అన్నారు, “బాబూ, ఇది పెట్రోలు జబ్బు కాదు, కరెంటు జబ్బు. కాయిల్ చూసుకో” అని. ఆయన మాట అప్పుడే వినవలసింది. అయితే కరెంటు వైపు వచ్చాక కూడా ముందు కండెన్సర్ల మీద పడ్డాను. బజారులో దొరికే నకిలీ కండెన్సర్లు మూడు మార్చాను. మల్టీమీటరులో మూడూ 0.25 నుంచి 0.28 మైక్రోఫారడ్ల మధ్య చక్కగా చూపించాయి. కాని మీటరు కొలిచేది రెండు మూడు వోల్టుల మీద. నిప్పురవ్వ కోసం కరెంటును తెంపే పాయింట్లు విడిపోయే క్షణంలో కండెన్సరు మీద పడేది వందల వోల్టులు. అందుకని మీటరు బాగుందన్నంత మాత్రాన కండెన్సరు బాగున్నట్టు కాదు. చివరికి ఒక మంచి కండెన్సరును వైరుతో బయటికి తెచ్చి, గాలి తగిలే చోట బిగించాను. అది చల్లగానే ఉంది, బండి మాత్రం ఆగింది. దాంతో కండెన్సరు తప్పు లేదని తేలింది. హెచ్‌.టి. కాయిల్ (ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజి ఇచ్చేది) మీద తడిగుడ్డ చుట్టి చల్లబరిచినా నిప్పురవ్వ తిరిగి రాలేదు. దాని సెకండరీ (ప్లగ్గు వైపు చుట్టు) చల్లగా 4.2 కిలో ఓములు, వేడిగా 5.0 కిలో ఓములు చూపింది. రాగి వేడెక్కితే అంత పెరగడం సహజమే.

మిగిలింది మాగ్నెట్ లోపల, తిరగని స్టేటరు ప్లేటు మీద ఉండే ఎల్‌.టి. కాయిల్. దాని నిరోధం ఒక ఓము కన్నా తక్కువ కనుక మామూలు మల్టీమీటరుతో కొలవడం వృథా. మీటరు వైర్ల నిరోధమే 0.3 ఓములు ఉంటుంది. అందుకని ఇన్వర్టరు బ్యాటరీ తీసుకుని, 21 వాట్ల ఇండికేటరు బల్బును వరుసలో పెట్టి, కాయిల్ గుండా కరెంటు పంపి, సరిగ్గా కాయిల్ రెండు కొసల మీద వోల్టేజి చూశాను. 31 డిగ్రీల దగ్గర 1.60 ఆంపియర్లకు 1.22 వోల్టులు, అంటే 0.76 ఓములు. తర్వాత కాయిల్‌ను మరమరాలు వేయించే ఇసుకలో పాతి 95 డిగ్రీల దాకా వేడి చేశాను. రాగి లెక్క ప్రకారం 0.94 ఓములకు పెరగాలి. పెరగకపోగా 1.61 ఆంపియర్లకు 1.11 వోల్టులే వచ్చింది, అంటే 0.69. వేడెక్కినప్పుడు ఒక వరుస చుట్లు పక్క వరుసకు తగిలి, దాదాపు నాలుగో వంతు చుట్లు లెక్కలోంచి తప్పుకుంటున్నాయన్న మాట. ఆ అంకె చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం మామూలుది కాదు. నెలల తరబడి వెతికిన జబ్బు కాగితం మీద కనబడింది.

పాత చుట్టు విప్పుతూ లెక్కపెడితే 214 చుట్లు వచ్చాయి, తీగ మందం 0.71 మిల్లీమీటర్లు. ఊళ్లో సీలింగ్ ఫ్యాన్లు చుట్టే ఒకతని దగ్గర కొత్తగా చుట్టించాను. అతని తీగ మీద పూత కొంచెం మందం కావడంతో ఆ చోటులో 198 చుట్లే పట్టాయి. నిన్న రాత్రి దాన్నే అదే పద్ధతిలో కొలిచాను. చల్లగా 0.71, వేడిగా 0.78. వేడిగా రావలసింది 0.88. జబ్బు తగ్గింది గాని పోలేదు.

ఎందుకని? చుట్టినతను వార్నిష్ పూసి ఎండలో ఆరబెట్టాడు, కాల్చలేదు. ఫ్యానుకు అది చాలునేమో గాని, మాగ్నెట్ లోపలి వేడికీ అదురుకూ చాలదు. వరుసల మధ్య వేసిన కాగితం నూనె పీలుస్తుంది. నాకు మరింత బలంగా తోస్తున్న కారణం మాత్రం వేరు. స్టేటరు ప్లేటు వెనక నల్లటి నూనె పొర ఉంది. మాగ్నెట్ వైపు ఆయిల్ సీల్ కారుతోందని దాని అర్థం. ఆ దారిన వచ్చే పెట్రోలు ఆవిరిలో ఇథనాల్ కూడా ఉంటుంది కాబట్టి, కాల్చని వార్నిష్ మెత్తబడి ఉంటుందని నా ఊహ. వేడెక్కాక యాక్సిలరేటర్ వదిలినా ఇంజను వేగం వెంటనే దిగకపోవడాన్ని ఇన్నాళ్లూ కార్బొరేటరు తప్పు అనుకున్నాను. అది కూడా ఈ సీల్ గుండా దూరే గాలి వల్లనే అయి ఉండవచ్చు.

పాయింట్లు తీసేసి సి.డి.ఐ. (పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ పద్ధతి) ప్లేటు వేసుకోమని స్నేహితులు చెబుతున్నారు. నాకు అది సమ్మతం కాదు. పాయింట్లు అరిగితే ఉదయగిరి ఘాటీలోనైనా సన్నని గరుకు కాగితంతో రుద్ది ఇంటికి రావచ్చు, సి.డి.ఐ. పెట్టె పోతే బండిని తోసుకుంటూ రావలసిందే. పైగా పాత కాయిల్ ముప్పై ఆరేళ్లు పనిచేసింది. అంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకు కనబడలేదు.

స్టేటరు ప్లేటు ఎలాగూ బయటే ఉంది కనుక ముందు సీల్ మారుస్తాను, నల్లది కాదు, వేడిని తట్టుకునే గోధుమ రంగు వైటాన్ సీల్. తర్వాత 180 డిగ్రీలను తట్టుకునే హెచ్ తరగతి తీగ బరంపురం నుంచి తెప్పించి ఈసారి నేనే చుడతాను. వరుసల మధ్య కాగితానికి బదులు పాలియెస్టరు ఫిల్ము వేస్తాను. పూత పలచనిది దొరికితే 214 చుట్లూ పట్టాలి. 210కి తగ్గితే విప్పి మళ్లీ చుడతాను. వార్నిష్‌లో ముంచి తీశాక ఇంట్లో ఉన్న ఓ.టి.జి. (కరెంటు ఓవెన్)లో 130 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కాల్చాలని ఉంది. వాసన వస్తుంది కాబట్టి దాన్ని పెరట్లోకి మార్చాలి. బండికి బిగించక ముందే ఇసుకలో పాతి మూడు సార్లు వేడి చేసి కొలుస్తాను. మూడు సార్లూ లెక్క కుదిరితేనే కాశీనగరం వెళతాను.

తీగ వచ్చేలోగా పిన్ని గారి ఉషా కుట్టు మిషను పని పెట్టుకున్నాను. నాకన్నా పెద్ద వయసు మిషను అది. షటిల్ దగ్గర దారం తెగుతోందట. దాన్ని ఆదివారం విప్పుతాను.