స్ప్రింగ్ ఎక్స్‌ప్రెషన్‌లో లిటరల్స్: నా అనుభవం

జావా కోడ్‌లో పాతుకుపోయిన వాలిడేషన్ రూల్స్‌ని బయటికి తీసి, కాన్ఫిగరేషన్‌లో స్ప్రింగ్ ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్‌తో (జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్‌లో చిన్న చిన్న ఎక్స్‌ప్రెషన్లు రాసే భాష) రాసే పని ఈమధ్య నాకు వచ్చింది. ప్రాపర్టీలు, పోలికలు తేలిగ్గానే కుదిరాయి. టైం అంతా తిన్నది విలువల్ని నేరుగా రాసే చోటే, అంటే లిటరల్స్ దగ్గరే.

ట్రూ, ఫాల్స్, నల్‌లతో పేచీ లేదు. స్ట్రింగ్స్‌కి సింగిల్ కోట్స్ వాడాను. డబుల్ కోట్స్ కూడా చెల్లుతాయి కానీ, ఎక్స్‌ప్రెషన్ చాలాసార్లు జావా స్ట్రింగ్ లోపలే ఉంటుంది కాబట్టి సింగిల్ కోట్సే హాయి. లోపల ఆ గుర్తే కావాలంటే రెండు పక్కపక్కన ('') పెట్టాలి. ఎస్‌క్యూఎల్ రాసేవాళ్లకి ఇది అలవాటే.

అంకెల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. చివర ఏమీ లేకపోతే పూర్ణసంఖ్య ఇంట్ (32 బిట్ల రకం) అవుతుంది, 2147483647 దాటితే చివర ఎల్ తగిలించి లాంగ్ (ఇంకా పెద్ద అంకెలు పట్టే రకం) చేయాల్సిందే. దశాంశం ఉంటే డబుల్, అది చాలా దశాంశాల్ని ఉజ్జాయింపుగానే దాస్తుంది. అందుకే 0.1 + 0.2 అంటే 0.30000000000000004 వస్తుంది. దశాంశాల్ని కచ్చితంగా దాచే జావా రకం బిగ్‌డెసిమల్‌కి లిటరల్ లేదు. డబ్బుకి సంబంధించిన హద్దులన్నీ జావా వైపు నుంచి వేరియబుల్స్‌గా పంపాను. రూల్ ఫైల్‌లో అంకె కనిపించకపోవడం కొంచెం లోటే, అయినా పైసా తేడా రావడం కంటే అదే నయం.

అసలు చిక్కు ఇంట్ కనిష్ఠ విలువతో వచ్చింది. జావాలో -2147483648 అని రాస్తే చక్కగా కంపైల్ అవుతుంది. ఇక్కడ మాత్రం, 2147483648ని ఇంట్‌గా చదవలేనని ఎక్సెప్షన్. మైనస్ లేకుండా! ఆ ఎర్రర్‌లోనే కారణం ఉంది. ఈ భాష అంకెను ఎప్పుడూ ధనసంఖ్యగానే దాచుకుంటుంది, మైనస్ విడిగా ఒక ఆపరేటర్. -2 అన్నా ముందు 2 తయారై, లెక్క వేసేటప్పుడు సున్నాలోంచి తీసివేయబడుతుంది. 2147483648 ఇంట్‌లో పట్టదు కాబట్టి మైనస్ దాకా వ్యవహారం వెళ్లనే వెళ్లదు.

జావా ఇంటిజర్ క్లాస్‌లోని మిన్ వాల్యూని (ఆ కనిష్ఠ విలువే అది) పిలవొచ్చు. కానీ మా రూల్స్ బయటి నుంచి వస్తాయి, భద్రత కోసం సింపుల్ ఇవాల్యుయేషన్ కాంటెక్స్ట్ (ఎక్స్‌ప్రెషన్ ఏమేం చేయొచ్చో పరిమితం చేసే అమరిక) పెట్టుకున్నాం. అది క్లాసుల్ని పేరుతో పిలవనివ్వదు. చివరికి -2^31 అని రాశాను. జావా అలవాటుతో చూస్తే ^ ఎక్స్-ఆర్ (బిట్లతో చేసే ఆపరేషన్) అనిపిస్తుంది, ఇక్కడ అది ఘాతం. ఇది ఏ కాంటెక్స్ట్‌లోనైనా నడుస్తుంది. ఫలితం లాంగ్ కాకుండా ఇంట్‌గానే వస్తోందని టెస్ట్‌లో సరిచూసుకున్నాకే రూల్‌ని మెర్జ్ చేశాను.