పీల్చడం నేర్చుకున్నాకే మందు పనిచేసింది

ఊదే పరీక్షలో నా లెక్క 0.58. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చే గాలిని, మొత్తం ఊదిన గాలితో భాగిస్తే వచ్చేది అది. గాలిదారి తెరిచే సాల్బుటమాల్ 400 మైక్రోగ్రాములు, అంటే నాలుగు పఫ్‌లు (ఒక్కో నొక్కుకి వచ్చే మందు ఒక పఫ్) ఇచ్చి, కాసేపాగి మళ్ళీ ఊదించినా 0.7 లోపే ఉండి, ఆయాసం, పొగ అలవాటు కూడా తోడైతే సీవోపీడీ, అంటే గాలిదారులు శాశ్వతంగా ఇరుకైపోయే ఊపిరితిత్తుల జబ్బు అంటారు. టంగుటూరు పక్క పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పొయ్యి మూతుల దగ్గర పీల్చిన పొగ, దానికి తోడు బీడీలు. ఈ జబ్బులో పాడైన ఊపిరితిత్తి మళ్ళీ కొత్తది కాదు. కోలుకోవడమంటే మిద్దె మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కగలగడం, రాత్రి లేచి కూర్చోకుండా నిద్రపోవడం. ఆ మాత్రానికి నాకు మందు మార్చే పని పడలేదు. పరికరం మారింది, పీల్చే తీరు మారింది.

మొదట రాసిచ్చింది క్యాప్సూల్ పెట్టుకుని పీల్చే రోటాహేలర్. పైనున్న చదరపు రంధ్రంలో క్యాప్సూల్‌ను, రంగులేని కొస కిందికి వచ్చేట్టు, అంచుతో సమానంగా దిగేదాకా నొక్కాలి. పరికరం మూతిని, అంటే నోట్లో పెట్టుకునే కొసని, ఒక చేత్తో పట్టుకుని అడుగుభాగాన్ని ఆగేవరకు తిప్పితే క్యాప్సూల్ రెండు ముక్కలై పొడి లోపల పడుతుంది. ముఖం పక్కకు తిప్పి ఊపిరంతా వదిలేసి, పెదాలు బిగించి, మొదటి క్షణం నుంచే బలంగా, వేగంగా లాగాలి. మెల్లగా మొదలెట్టి చివర్లో జోరు పెంచితే లాభం లేదు, పొడి అప్పటికే గొంతులో అంటుకుంటుంది. లాగాక పది అంకెలు లెక్కబెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. తెరిచి చూసి పొడి మిగిలుంటే ఇంకోసారి లాగాలి. సూది గుచ్చే రకం పరికరమైతే పీల్చేటప్పుడు క్యాప్సూల్ గిరగిర తిరిగే చప్పుడు వినబడాలి.

ఇందులో జరిగే పొరపాట్లు చాలావరకు తేమతోనో ఊపిరితోనో ముడిపడినవే. పరికరంలోకి ఊదితే ఊపిరిలోని తడికి పొడి ముద్దవుతుంది. మా తీరంలో కార్తీకం ముసురు పట్టినప్పుడు సీసా మూత వదులుగా పెడితే చాలు, క్యాప్సూల్ మెత్తబడిపోతుంది. తడిచేత్తో ముట్టుకోకూడదు, నాలుగు రోజులకని ముందే తీసి జేబులో వేసుకోకూడదు. ఇక దీన్ని మాత్రలాగా మింగేసేవాళ్ళు మన పల్లెల్లో తక్కువేం కాదు. కడుపులోకి పోయిన పొడి ఊపిరితిత్తులకు చేరదు.

అన్నీ సరిగ్గా చేసినా నాకు పొడి మిగిలిపోయేది. కారణం తేలికే: ఆ పొడిని విడగొట్టి లోపలికి తీసుకెళ్ళేది పీల్చే జోరే, ఆయాసంలో ఆ జోరు ఉండదు. అందుకని అదే మందుల్ని స్ప్రే డబ్బాలో, దానికి తగిలించే బోలు గొట్టం స్పేసర్‌తో వాడమన్నారు.

స్ప్రేకి నియమం పూర్తిగా తలకిందులు. ఇక్కడ మెల్లగా పీల్చాలి. డబ్బాని నాలుగైదుసార్లు బాగా ఊపి, ఊపిరి వదిలి, మూతి పెదాల మధ్య పెట్టి, గడ్డం కాస్త పైకెత్తి, పీల్చడం మొదలెట్టిన క్షణాన్నే నొక్కాలి. మూడు నుంచి ఐదు సెకన్లపాటు లాగి, పది సెకన్లు ఆపాలి. ముందు నొక్కి తర్వాత పీలిస్తే మందు నాలుక మీదే. చల్లటి గాలి తగలగానే గొంతు ఠక్కున మూసుకుపోవడం ఇంకో తంటా. క్యాప్సూల్‌కి అలవాటుపడ్డవాళ్ళు స్ప్రేని కూడా ఒక్కఊపున లాగేస్తారు. ఆ వేగానికి తుంపరలన్నీ గొంతు గోడకు కొట్టుకుంటాయి.

ఈ చిక్కులన్నింటికీ విరుగుడు స్పేసర్. నొక్కిన మందు గొట్టంలో కాసేపు నిలుస్తుంది కాబట్టి చేయి, ఊపిరి ఒక్కసారే కలవకపోయినా ఫర్వాలేదు. కానీ ఒకసారికి ఒకే పఫ్. రెండు మూడు కొట్టేసి కలిపి పీలిస్తే తుంపరలు ఒకదానికొకటి అంటుకుని లోపలికి తక్కువ పోతుంది. ఒక్క దమ్ములో పీల్చలేనప్పుడు మూతి తీయకుండా నాలుగైదు మామూలు శ్వాసలు తీసుకోవచ్చు. రెండో పఫ్‌కి అర నిమిషమో నిమిషమో ఆగి, డబ్బా మళ్ళీ ఊపాలి. స్పేసర్‌ని సబ్బునీళ్ళలో ముంచి తీసి నీడన ఆరబెట్టాలి, గుడ్డతో తుడవకూడదు. రుద్దితే ప్లాస్టిక్‌లో పుట్టే స్థిరవిద్యుత్తు మందుని గోడలకు లాగేస్తుంది. కొత్త స్పేసర్‌ని కూడా వాడేముందు ఇలాగే కడగాలి.

గాలిదారి తెరిచే మందుల్లో రెండు జాతులున్నాయి. సాల్బుటమాల్, లెవోసాల్బుటమాల్ ఆయాసం వచ్చినప్పుడు నిమిషాల్లో గాలిదారి తెరిచేవి. ఫార్మోటెరాల్ రోజుకు రెండుసార్లు, టియోట్రోపియం ఒక్కసారి, ఆయాసం ఉన్నా లేకున్నా వాడాల్సినవి. "ఈ పూట బానే ఉంది" అని వీటిని మానేసి, అత్యవసరానికిచ్చిన దాన్ని రోజుకు పదిసార్లు కొట్టుకోవడం నేను ఎక్కువగా చూసే తప్పు. బ్యుడిసొనైడ్ లాంటి స్టెరాయిడ్ ఉబ్బసానికి తప్పనిసరి. సీవోపీడీలో మాత్రం అందరికీ అక్కర్లేదు. జబ్బు తరచూ తిరగబెట్టేవాళ్ళకి, రక్తంలో ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరుకి 300 దాటినవాళ్ళకి ఎక్కువ మేలు, 100 లోపుంటే లాభం తక్కువ, నిమోనియా భయం ఉంటుంది. పక్కింటి ఉబ్బసం పెద్దాయన డబ్బా మనకి సరిపోతుందనుకోకూడదు.

స్టెరాయిడ్ పీల్చాక నీళ్ళు పుక్కిలించి ఉమ్మాల్సిందే, లేకపోతే నాలుక మీద తెల్లపూత, గొంతు బొంగురు. సాల్బుటమాల్‌కి చేతులు వణుకుతాయి, గుండె దడ. టియోట్రోపియం నోరు ఎండబెడుతుంది, ప్రొస్టేట్ వాపు ఉన్నవాళ్ళకి మూత్రం బిగుసుకోవచ్చు, పొరపాటున కంట్లో పడనివ్వకూడదు. "ఇన్‌హేలర్ పట్టారంటే అంతేనబ్బా" అనేవాళ్ళకి నేను చెప్పే లెక్క ఒకటుంది. సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు, పఫ్ 100 మైక్రోగ్రాములు. ఒక మాత్ర నలభై పఫ్‌లకు సమానం. ఒళ్ళంతా తిరిగే పెద్ద మోతాదుకి భయపడనివాళ్ళు చోటుకే వెళ్ళే చిన్న మోతాదుకి భయపడుతున్నారు.

నెల్లూరు, ఒంగోలు ఎండల్లో డబ్బాని బండి డిక్కీలోనో కారు డ్యాష్‌బోర్డు మీదో వదలకూడదు, లోపలి ఒత్తిడికి పేలే ప్రమాదం ఉంది. కొత్త డబ్బా అయితే కాగితంలో చెప్పినన్ని పఫ్‌లు గాల్లోకి కొట్టి మొదలెట్టాలి, చాలారోజులు వాడకపోయినా అంతే. వారానికోసారి లోహపు సీసా తీసేసి ప్లాస్టిక్ భాగాన్ని గోరువెచ్చని నీళ్ళతో కడగాలి, లేకపోతే సన్నని కన్నం పూడుకుపోతుంది.

పెదాలు నీలంగా మారినా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, మత్తుగా తూగుతున్నా ఇంట్లో పఫ్‌లు లెక్కపెడుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. ఆక్సిజన్ పెట్టేవాళ్ళకి సీవోపీడీ అని ముందే చెప్పాలి. చాలామందికి 88 నుంచి 92 శాతం చాలు, 100కి తేవాలని ఎక్కువ వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవచ్చు.

డబ్బా ఎప్పుడయిపోతుందో తెలుసుకోవడానికి నీళ్ళలో వేసి తేలుతుందో లేదో చూడడం పాత పద్ధతి, తప్పు పద్ధతి. మందు అయిపోయాక కూడా గాలి బుస్సుమంటూనే ఉంటుంది. 120 పఫ్‌ల డబ్బాని పొద్దున రెండు, రాత్రి రెండు వాడితే సరిగ్గా 30 రోజులు. అంకెల మీటర్ లేని డబ్బా మీద మొదలుపెట్టిన తేదీ, అయిపోయే తేదీ మార్కర్ పెన్నుతో రాస్తాను, రెండో తేదీకి వారం ముందే మందుల షాపుకి వెళ్తాను.