పాత మాస్సీ, ముగ్గురు పిల్లలు

ఆదివారం, రోహిణి కార్తె.

ఈరోజు పిల్లలు ముగ్గురూ నేను పిలవకుండానే వచ్చారు. అన్నిటికంటే ముందు ఆ సంగతి రాసుకోవాలి. మేనల్లుడు భీమవరంలో ఇంజనీరింగు చదువుతున్నాడు, సెలవులకు వచ్చాడు. మా అన్నయ్య కూతురిది తణుకులో పాలిటెక్నిక్. మూడోవాడు మా చేను కౌలుకు చేసే ఆయన కొడుకు, ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేస్తున్నాడు. ముగ్గురూ పొద్దున్నే చద్దన్నాలు తినేసి, ఎండ ముదరక ముందే పాకలోకి వచ్చి కూర్చున్నారు.

పాకలో ఉన్నది నాన్నగారు 1978లో కొన్న మాస్సీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరు. మద్రాసు టాఫే కంపెనీ వాళ్ళ తయారీ, మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజను, 35 హార్స్‌పవర్. ఆ రోజుల్లో ట్రాక్టరు కావాలంటే పేరు రాయించుకుని ఎదురు చూడాల్సి వచ్చేదని నాన్నగారు చెప్పేవారు. బండి ఊళ్ళోకి వచ్చిన రోజున అమ్మ దిష్టి తీసి, బానెట్ మీద పసుపూ కుంకుమా పెట్టిందట. తర్వాత కొత్త బండి కొన్నాం, పవర్ స్టీరింగుతో. కోతలకు హార్వెస్టర్లు వచ్చాయి. మాస్సీ పాకలో ఒక మూలకు చేరింది. దాని సీటు మీద కోడి పొదిగిన ఏడాది కూడా ఉంది.

పాత ఇనుము కొనే ఆయన ఏటా వస్తాడు. కాగితం తీసి కిలోల లెక్కన బేరం పెడతాడు. ఆయన్ని తప్పుపట్టను, అది ఆయన వృత్తి. కానీ ఆ లెక్క వినబడ్డప్పుడల్లా నాకు కడుపులో తిప్పినట్టు ఉంటుంది. మన పశ్చిమ గోదావరి అంటే 1960-61లో దేశంలో మొట్టమొదట విత్తనం, ఎరువు, అప్పు అన్నీ కలిపి రైతుకు అందించే ప్యాకేజీ కార్యక్రమం పెట్టిన ఏడు జిల్లాల్లో ఒకటి. ఎక్కువ పండే ఐఆర్-8 వరి వచ్చింది, ఎరువులు వచ్చాయి, వానాకాలం సార్వా కోసీ కోయగానే రెండో పంట దాళ్వాకు పొలం బురద దున్ని దమ్ము చేయాల్సిన తొందర వచ్చింది. ఆ తొందరలో ఎద్దుల పక్కన నిలబడి పనిచేసినవి ఈ బళ్ళే. విత్తనాల చరిత్రకు మారుటేరు పరిశోధనా స్థానంలో రికార్డులున్నాయి. బళ్ళ చరిత్ర మాత్రం పాకల్లో తుప్పు పడుతోంది, మేస్త్రీల తలల్లో మిగిలింది. ఆ మేస్త్రీలు కూడా పెద్దవాళ్ళయిపోతున్నారు.

అత్తిలి నుంచి మేస్త్రి గారిని రమ్మన్నాను. డెబ్భై దాటాయి. మోకాళ్ళు వంగవు, స్టూలు వేసుకుని కూర్చుంటారు. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. రాగానే పిల్లల్ని చూసి, "మీరేనా చేసేది? అయితే నేను ముట్టుకోనండి, చెప్తాను, మీరు చెయ్యండి" అన్నారు. ఇంతకంటే మంచి మాట ఆయన అనలేరు.

ట్యాంకులో పాత డీజిల్ పోయినవారమే దింపేశాం. ఈరోజు కొత్త ఫిల్టర్లు వేసి, డీజిల్ పైపుల్లో చిక్కిన ఎయిర్ తీయాలి. మేస్త్రి గారు ఒక్కోటీ చెబుతుంటే అన్నయ్య కూతురు పానా పట్టింది. ఫిల్టర్ మీది స్క్రూ కొంచెం వదులు చేసి, ఫీడ్ పంపు లివరు చేత్తో కొడుతూ ఉంటే ముందు బుడగలు వచ్చాయి, తర్వాత నురగ, తర్వాత నిండు ధార. "ధార వచ్చాకే బిగించాలమ్మా, బుడగ ఒక్కటి ఉన్నా స్టార్టవదు" అన్నారు. తర్వాత పంపు మీది స్క్రూ, చివర సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్ పైపుల నట్లు. సెల్ఫ్ కొట్టమన్నారు. ఐటీఐ కుర్రాడు కొట్టాడు. ఒకసారి దగ్గింది. రెండోసారి పొగ వదిలింది. మూడోసారికి అందుకుంది.

అందుకుంది కానీ కుంటుతోంది. మూడు సిలిండర్లలో ఒకటి కొట్టడం లేదు. ఏది కొట్టడం లేదో మేస్త్రి గారికి చెవితోనే తెలిసిపోయి ఉంటుంది, కానీ చెప్పలేదు. "ఒక్కో నాజిల్ పైపు నట్టు పావు చుట్టు వదులు చేసి చూడండి, శబ్దం మారుతుందేమో వినండి. వేళ్ళు మాత్రం దగ్గర పెట్టకండి, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోద్ది. గుడ్డ చుట్టండి" అన్నారు.

మొదటి నట్టు వదిలితే ఇంజను ఇంకా కుంటింది. అంటే ఆ సిలిండరు బాగానే పనిచేస్తోంది. మూడోది వదిలినా అంతే. రెండోది వదిలితే ఏ మార్పూ లేదు. అన్నయ్య కూతురు ఒక్కసారిగా "ఇదే! ఇదే తాతా!" అని అరిచింది. ఇంజను చప్పుడులో కూడా ఆ కేక వీధిలోకి వినబడింది. అక్కయ్య గుమ్మంలోకి వచ్చి ఏమైందోనని చూసింది.

ఆ కేక కోసమే నేను ఇన్నాళ్ళూ చూస్తున్నాను. పాత ట్రాక్టర్లు ఎంత గొప్పవో చెబితే పిల్లలు మర్యాదగా తలూపి ఫోను తీస్తారు. వాళ్ళ తప్పు కాదు. ఎవరి జ్ఞాపకమో వాళ్ళు మోయాలని ఎందుకనుకోవాలి? వాళ్ళ చేత్తో వాళ్ళు ఒక జబ్బు కనిపెట్టారంటే ఆ బండి ఇక నాన్నగారిది మాత్రమే కాదు, వాళ్ళది కూడా. కొత్త బళ్ళకు చాలావాటికి సెన్సార్లున్నాయి, తప్పేమిటో కంప్యూటర్ తగిలించి చూడాలి. ఇందులో అన్నీ కంటికి కనబడతాయి, చెవికి వినబడతాయి. నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి బడి నాకు తెలియదు.

నాజిల్ విప్పి పక్కన పెట్టాం. టెస్టింగుకి పంపాలి. మజ్జిగ తాగుతూ కూర్చున్నప్పుడు మేనల్లుడు వెనక్కి వెళ్ళి, నాగలిని పైనుంచి బండికి కలిపే టాప్ లింకు తగిలించే చోట ఉన్న స్ప్రింగును చాలాసేపు చూశాడు.

"మావయ్యా, ఇక్కడ స్ప్రింగు ఎందుకు?"

నాగలిని ఎత్తి దించే లిఫ్టుకి రెండు లివర్లున్నాయి కదా, ఒకటి ఎత్తు నిలిపే పొజిషన్, ఇంకోటి లాగుడు బరువును బట్టి పనిచేసే డ్రాఫ్టు అని చెప్పాను. దమ్ములో మేం ఎక్కువగా పొజిషన్‌తోనే గడిపేస్తాం. డ్రాఫ్టు పని దుక్కిలో తెలుస్తుంది. నాగలి గట్టి నేలలో పడితే టాప్ లింకు ముందుకు నొక్కుతుంది, స్ప్రింగు కుదించుకుంటుంది, ఆ కదలిక లోపల హైడ్రాలిక్ వాల్వును కదిలిస్తుంది, నాగలి కాస్త పైకి లేస్తుంది. నేల మెత్తబడగానే మళ్ళీ దిగుతుంది. పైగా ఆ టాప్ లింకు నెట్టుడు వల్ల ముందు చక్రాలు నేలను పట్టుకుని ఉంటాయి. అంతకు ముందు కాలంలో నాగలి వేరుకో రాయికో తగులుకుంటే ముందు భాగం లేచి బండి వెనక్కి తిరగబడేది, డ్రైవర్లు కింద పడి చనిపోయేవాళ్ళు.

వాడు కళ్ళు పెద్దవి చేసి, "ఇది ఫీడ్‌బ్యాక్ కంట్రోల్ కదా! మాకు ఈ సెమిస్టర్‌లోనే ఉంది, బోర్డు మీద డబ్బాలు గీసి బాణాలు పెట్టారు" అన్నాడు. ఆ డబ్బాలూ బాణాలూ ఇనుముగా మారి మన పాకలో ఉన్నాయిరా అన్నాను. వాడు నేల మీద కూర్చుని పుల్లతో గీసుకోవడం మొదలుపెట్టాడు. మిగతా ఇద్దరికీ విడమరిచి చెప్పాడు కూడా. నాకంటే బాగా చెప్పాడు.

అప్పుడు వాళ్ళే అడిగారు, ఎవరు కనిపెట్టారని. అడిగారు కాబట్టి చెప్పాను. హ్యారీ ఫెర్గూసన్, ఐర్లండులో డౌన్ కౌంటీ రైతు కొడుకు. 1909 డిసెంబరు 31న తానే చేసుకున్న విమానంలో ఎగిరాడు, ఐర్లండు గడ్డ మీద అదే మొదటి విమాన ప్రయాణం. తర్వాత నాగలినీ బండినీ ఒకటి చేయడం మీద పడ్డాడు. 1938లో అమెరికా వెళ్ళి హెన్రీ ఫోర్డుకి తన బండి చూపిస్తే, కాగితం మీద సంతకం కూడా లేకుండా ఇద్దరూ చెయ్యి కలిపి ఒప్పందం చేసుకున్నారు. ఫోర్డు మనవడు వచ్చాక ఆ ఒప్పందం చెడి కోర్టుకెక్కింది, 1952లో తొంభై రెండున్నర లక్షల డాలర్లకు రాజీ పడ్డారు. ఈలోగా 1946 నుంచి ఇంగ్లండులోని కోవెంట్రీలో టీఈ-20 అనే బూడిదరంగు చిన్న బండి లక్షల్లో తయారైంది. 1953లో ఆయన కంపెనీ మాస్సీ-హారిస్‌తో కలిసింది. బానెట్ మీద రెండు పేర్లు ఎందుకున్నాయో ముగ్గురికీ అర్థమైంది. ఐటీఐ కుర్రాడికి విమానం సంగతి బాగా నచ్చింది. "రైతు కొడుకేనండీ?" అని రెండుసార్లు అడిగాడు. అవున్నాయనా, రైతు కొడుకే.

మధ్యాహ్నం అన్నాలయ్యాక వీధి చివరి వరకూ వెళ్ళి అక్కడున్న హెచ్ఎంటీ 2511 ట్రాక్టరుని చూసొచ్చాం. అది చూస్తే ఏడుపొస్తుంది. చెకోస్లోవేకియా జెటార్ కంపెనీ సాయంతో 1971లో హర్యానాలోని పింజోర్‌లో మొదలైన రకం. రేడియేటరులోంచి వేప మొక్క మొలిచింది. దాని యజమాని కొడుకులు హైదరాబాదులో ఉంటారు. 2016లో కేంద్రం హెచ్ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్నే మూసేయాలని నిర్ణయించింది, ఇక కంపెనీ విడిభాగాలు ఎక్కడివి? మా మాస్సీకి ఆ బాధ లేదు, 1035 పేరుతో ఇప్పటికీ బళ్ళు వస్తున్నాయి, విజయవాడ ఆటోనగర్‌లో దొరకనిదంటూ ఉండదు. ముందు కాపాడుకోవాల్సింది హెచ్ఎంటీ లాంటివి. పిల్లలు దాని నంబరు ప్లేటు, ఇంజను నంబరు, పంపు మీది అక్షరాలు అన్నీ ఫోటోలు తీశారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటివి ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎవరు తోలారో, ఎవరు బాగుచేశారో ఒక పట్టిక రాద్దామని మేనల్లుడే అన్నాడు. మేస్త్రి గారిని కూడా కూర్చోబెట్టి వీడియో తీస్తారట. ఆ పని ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

ఒక మాట మాత్రం నాకు కోపం తెప్పిస్తుంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ పెట్టింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్నవాటికి. చదివి సంబరపడ్డాను. కానీ అది మోటారు సైకిళ్ళకూ కార్లకూ మాత్రమే. జమీందారు కారుకి దక్కిన గౌరవం, దేశానికి అన్నం పెట్టిన బండికి ఎందుకు ఉండకూడదు? ఆ నియమంలో ట్రాక్టరు అన్న ఒక్క మాట చేర్చాలి. సంక్రాంతికి బండలాగుడు పోటీలు జరిగే మైదానాల పక్కనే పాత బళ్ళని వరుసగా నిలబెట్టి, కుర్రాళ్ళ చేతే స్టార్ట్ చేయించి చూపించాలి. జనం చూస్తే అడిగేవాళ్ళు పుడతారు.

సాయంత్రం రంగు మీద పెద్ద గొడవ అయింది. కుర్రాళ్ళిద్దరికీ మాస్సీ మొత్తం నిగనిగలాడే ఎరుపు కావాలి, బానెట్‌కి స్టిక్కర్లు కావాలి, మడ్‌గార్డు మీద స్పీకరు పెట్టాలి. నాకు ఆ వెలిసిన ఎరుపే ఇష్టం, స్టీరింగు మీద నాన్నగారి అరచేతుల రాపిడికి నల్లరంగు పోయిన చోటు అలాగే ఉండాలి. మేస్త్రి గారు ఎటూ చెప్పలేదు. అన్నయ్య కూతురే తీర్పు చెప్పింది: తుప్పు తినేసిన చోట గీకి ప్రైమర్ వేసి ఎరుపు కొట్టాలి, బాగున్న చోట ముట్టుకోకూడదు, స్టీరింగు జోలికి ఎవరూ పోకూడదు, స్పీకరు కావాలంటే నట్లూ బోల్టులతో తగిలించుకోవచ్చు కానీ మడ్‌గార్డుకి కొత్త బెజ్జం వేయకూడదు. నేను ఒప్పుకున్నాను. వాళ్ళ బండి అన్నప్పుడు వాళ్ళ మాట కూడా చెల్లాలి కదా. స్పీకరు నాకిప్పటికీ ఇష్టం లేదు.

ఏరువాక పౌర్ణమికి మాస్సీతోనే మొదటి సాలు తోలాలని తీర్మానించుకున్నాం. నాజిల్ ఈ వారంలో టెస్టింగుకి వెళ్ళాలి, ముందు టైర్లలో ఒకదానికి ట్యూబు మార్చాలి, టాప్ లింకు పిన్ను అరిగింది కాబట్టి లేతులో చేయించాలి. ఎవరు తోలాలన్న దగ్గర మళ్ళీ వాదన. పాక దగ్గర్నుంచి చేను దాకా రోడ్డు మీద వెళ్ళాలి కనుక లైసెన్సు ఉన్నవాళ్ళే తోలాలని చెప్పేశాను. అది అన్నయ్య కూతురికి ఒక్కదానికే ఉంది. కుర్రాళ్ళిద్దరూ రేపే ఎల్ఎల్ఆర్‌కి పెట్టుకుంటామంటున్నారు.