దురద బిళ్ళే కదా అన్నారు

దద్దుర్లు కూడా ఒక జబ్బేనా అని నా ముఖం మీదే అడిగినవాళ్ళున్నారు. అప్పుడు వాళ్ళకి జవాబు చెప్పలేకపోయాను. గోళ్ళతో ఒళ్ళంతా రక్కుకుంటున్న మనిషికి మాట్లాడే ఓపిక ఎక్కడుంటుంది? ఇప్పుడు ఒళ్ళు కుదుటపడింది, నిద్ర పడుతోంది. అందుకే రాస్తున్నాను. కొంత కోపంతోనే రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం. నరసన్నపేట వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. వానలు మొదలైన రోజుల్లో నడుము దగ్గర, లంగా బొందు కట్టుకునే చోట ఎర్రగా దద్దుర్లు లేచాయి. కాసేపటికి మాయమైపోయాయి. మర్నాడు చేతుల మీద, ఆ తర్వాత తొడల మీద. గాజులు ఒత్తుకున్న చోటల్లా వరస కట్టి ఉబ్బేవి. వంకాయ మానేశాను, గుడ్డు మానేశాను, ఎండుచేపలు వండిన రోజు వంటింటి వైపే వెళ్ళలేదు. అత్తయ్య వేపాకు నూరి పట్టించారు. ఏదీ పని చేయలేదు. రక్తపరీక్షల్లో ఏమీ తేలలేదు. ఆరు వారాలు దాటి దద్దుర్లు వస్తూ పోతూ ఉంటే దాన్ని దీర్ఘకాలిక దద్దుర్లు అంటారనీ, చాలామందిలో కారణం దొరకనే దొరకదనీ స్కిన్ డాక్టరు చెప్పారు. కారణం లేదంటే మనసు ఒప్పుకోదు. రోజూ తిన్నదీ తాకినదీ అన్నీ అనుమానమే.

ఒక రాత్రి పెదవి ఉబ్బింది. అద్దంలో చూసుకుంటే నా ముఖం నాకే కొత్తగా ఉంది. తెల్లారేసరికి తగ్గిపోయింది గానీ, భయం మాత్రం ఉండిపోయింది. ఈసారి గొంతు ఉబ్బితే? నిద్రలో ఊపిరాడకపోతే? పొద్దు గుంకితే చాలు గుండె దడ. మంచం ఎక్కాలంటే టెన్షన్. దురద వల్ల నిద్ర లేదు, నిద్ర లేక దడ, దడ మొదలైతే దురద ఇంకా ఎక్కువ. ఈ గానుగలో తిరిగినవాళ్ళకే తెలుస్తుంది.

అప్పుడు స్కిన్ డాక్టరు పొద్దుట వేసుకునే బిళ్ళ ఆపి, రాత్రికి హైడ్రాక్సిజైన్ 10 మిల్లీగ్రాములు రాశారు. దురదకీ పనికొస్తుంది, కంగారు కూడా తగ్గిస్తుంది, కొద్ది రోజులకే రాస్తున్నాను అన్నారు. మత్తుగా ఉంటుంది, స్కూటీ నడపొద్దు అని కూడా చెప్పారు. నిజం చెప్పాలి, ఆ బిళ్ళ నాకు ఎంతో మేలు చేసింది. వేసుకున్న మొదటి రాత్రి ఎన్నాళ్ళకో ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను. తెల్లారి లేస్తే దుప్పటి మీద రక్తం చారలు లేవు. నోరు ఎండిపోయేది, పొద్దున మొదటి పీరియడ్‌లో తల బరువుగా ఉండేది. మా ఆయన బండి మీద దింపేవారు. ఈ మందు సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 20 గంటలు పడుతుందని తర్వాత తెలిసింది. రాత్రి వేసుకున్న బిళ్ళ మర్నాడు బోర్డు ముందు కూడా నాతోనే ఉండేదన్నమాట.

ఆ డాక్టరు మీద నాకు కృతజ్ఞత ఉంది. కానీ ఒక్క ప్రశ్న అడగలేదు. గుండె సంగతి అడగలేదు, ఇంట్లోవాళ్ళ సంగతి అడగలేదు. ఇంకో మందు ఏదైనా వేసుకోవాల్సి వస్తే నన్ను అడిగి వేసుకోండి అని ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలు. బయట పేషెంట్లు వరండా దాకా కూర్చున్నారు, నిజమే. అయినా ఆ మాటకి ఎంతసేపు పడుతుంది?

దసరా సెలవులు అయ్యాక నాకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. జ్వరం, గొంతు నొప్పి. సాయంత్రం దాకా చూసి, మా ఆయన వీధి చివరి ఆర్‌ఎంపీని పిలుచుకొచ్చారు. ఆయన చెయ్యి పట్టుకుని చూసి, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒకటి, వాంతులు కట్టడానికి ఆండన్‌సెట్రాన్ ఒకటి తీశారు. నేను తలగడ కింద నుంచి హైడ్రాక్సిజైన్ స్ట్రిప్ తీసి చూపించాను. "రోజూ రాత్రి ఇది వేసుకుంటున్నానండీ, వీటితో కలిపి వేసుకోవచ్చా?" అని అడిగాను.

ఆయన స్ట్రిప్ చేతిలోకి కూడా తీసుకోలేదు. "దురద బిళ్ళే కదా టీచరుగారూ, దాంతో ఏటవుతాది?" అన్నారు.

ఈ మాట నేను జన్మలో మర్చిపోను.

ఆ రాత్రి ఎప్పుడో మెలకువ వచ్చింది. మళ్ళీ విరేచనానికి వెళ్ళాలి. లేచి కూర్చున్నాను. దడ నాకు కొత్త కాదు, భయంతో వచ్చే దడ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఇది అది కాదు. గుండె ఒడ్డున పడ్డ చేపలా నాలుగుసార్లు గిలగిలా కొట్టుకుని ఆగింది, మళ్ళీ కొట్టుకుంది. పెరటి తలుపు గడియ తీసిన సంగతి గుర్తుంది. చన్నీళ్ళ గోలెం అంచు చేతికి తగలడం గుర్తుంది. తర్వాత మా ఆయన గొంతు ఎక్కడో దూరంగా వినపడింది. అత్తయ్య "ఓలమ్మో, గుంట పడిపోనాది" అని అరుస్తున్నారు. నేను కళ్ళు తెరిచాను గానీ మాట రాలేదు. గడపలో ఈయన నా తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నారు. పెళ్ళయ్యాక ఆయన ఏడవగా చూడటం అదే మొదలు. పక్కింటి కుర్రాడు 108కి ఫోన్ చేశాడు. అంబులెన్స్‌లో పడుకుని నేను ఒకటే అనుకున్నాను, పిల్లాడికి ఫోన్ చేయొద్దు, రాత్రి పూట కంగారుపడి విశాఖ నుంచి బండి మీద బయల్దేరతాడు అని.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు చిన్నమ్మాయి. మా అబ్బాయి కంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. ఈసీజీ కాగితాన్ని లైటు దగ్గర పెట్టి స్కేలుతో కొలిచింది. కొలిచి, మా ఆయన వైపు తిరిగి, "అంకుల్, ఆంటీ వేసుకునే మందులన్నీ తెచ్చారా?" అంది. ఈయన కవరు మొత్తం బల్ల మీద గుమ్మరించారు. ఆ అమ్మాయి క్యాల్షియం బిళ్ళలు, గ్యాస్ బిళ్ళలు పక్కకి నెట్టి, మూడు స్ట్రిప్పులు మాత్రం వరసగా పెట్టింది. హైడ్రాక్సిజైన్, అజిత్రోమైసిన్, ఆండన్‌సెట్రాన్. "ఈ మూడూ కలిపి ఎవరిచ్చారమ్మా?" అని అడిగింది.

తెల్లారాక నా మంచం అంచున కూర్చుని చెప్పింది. గుండె ఒకసారి కొట్టుకోవడం మొదలుపెట్టి, మళ్ళీ కొట్టుకోవడానికి సిద్ధమయ్యేదాకా కొంత వ్యవధి తీసుకుంటుందట. ఈసీజీలో దాన్ని క్యూటీ అని కొలుస్తారు. ఈ మూడు మందులూ విడివిడిగానే ఆ వ్యవధిని సాగదీసే గుణం ఉన్నవి. దానికి తోడు వాంతులు, విరేచనాలతో ఒంట్లో పొటాషియం పడిపోయింది. పొటాషియం తగ్గితే అది ఇంకా సాగుతుంది. మరీ సాగితే గుండె లయ తప్పుతుంది, మనిషి స్పృహ తప్పుతుంది, ప్రాణానికే ముప్పు రావచ్చు. సెలైన్‌లో పొటాషియం ఎక్కించారు, ఆ మూడూ ఆపేశారు. తర్వాత తీసిన ఈసీజీల్లో ఆ వ్యవధి మెల్లగా వెనక్కి తగ్గింది, కానీ పూర్తిగా మామూలుకి రాలేదు. అప్పుడు ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "మీ పుట్టింటి వైపు ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా?"

మా చిన్న మావయ్య పోయాడు. పెళ్ళి కూడా కాలేదు. పొలం నుంచి వచ్చి అన్నం తిని అరుగు మీద పడుకున్నవాడు లేవలేదు. గాలి తగిలిందని ఊరంతా అన్నారు. అమ్మమ్మ పోయేదాకా మర్రిచెట్టు కింద నుంచి ఎందుకు రానిచ్చానని తనను తానే తిట్టుకుంది. మావయ్యది కూడా కుటుంబంలో నడిచే ఈ గుండె తేడాయేనని ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. కానీ ఆ ప్రశ్న నన్ను ముందే ఎవరైనా అడిగి ఉంటే ఈ కథంతా లేదు కదా. రక్తసంబంధీకులందరూ ఒకసారి ఈసీజీ తీయించుకోండని ఆ డాక్టరమ్మ రాసిచ్చింది. మా అబ్బాయికి తీయిస్తే బాగానే ఉంది. ఆ రిపోర్టు ఫోటో వాట్సాప్‌లో వచ్చాక నేను స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ ఏడ్చాను.

వాడే చదివి చెప్పాడు, 2015లో యూరప్ మందుల సంస్థ హైడ్రాక్సిజైన్ మీద హెచ్చరిక ఇచ్చిందట. పెద్దవాళ్ళకి రోజుకి 100 మిల్లీగ్రాములు దాటొద్దు, ముసలివాళ్ళకి వీలైతే అసలు వద్దు, తప్పనిసరైతే 50 దాటొద్దు, ఎవరికైనా సరే వీలైనంత తక్కువ మోతాదు, వీలైనంత తక్కువ రోజులు. గుండె లయలో తేడా ఉందని తెలిసినవాళ్ళకి పనికిరాదు. నేను వేసుకున్నది చిన్న బిళ్ళే. పక్కన చేరినవి ఏమిటో, నా గుండె ఎలాంటిదో ఎవరూ చూడలేదు.

ఆర్‌ఎంపీ దగ్గరికి నేనే వెళ్ళాను. ఈసీజీ కాగితం బల్ల మీద పెట్టాను. "నేను అడిగాను కదండీ" అన్నాను. ఆయన తల వంచుకుని, అందరికీ ఇవే ఇస్తానమ్మా అన్నారు. అదే మనిషి, మా మావగారికి పక్షవాతం వచ్చిన రాత్రి వానలో తడుస్తూ పరుగెత్తుకొచ్చి, ఆస్పత్రి దాకా మాతో ఉన్నవాడు. ఆ ఋణం నేను కాదనను. కానీ తెలియనప్పుడు తెలియదు అంటే ఏం పోతుంది? నా ప్రశ్నకి ఆ ఒక్క మాట జవాబిచ్చి ఉంటే నేను బిళ్ళ ఆపి పొద్దున డాక్టరుని అడిగేదాన్ని.

ఇప్పుడు విశాఖలో చూపించుకుంటున్నాను. దద్దుర్లకి ఫెక్సోఫెనడిన్ ఇచ్చారు, నీళ్ళతోనే వేసుకోమన్నారు, పళ్ళ రసంతో వేసుకుంటే సరిగ్గా ఒంటబట్టదట. దద్దుర్లు అప్పుడప్పుడు కనబడతాయి గానీ పోతాయి. రాత్రి భయానికి బిళ్ళ లేదు. ఒక కౌన్సెలర్‌తో మాట్లాడుతున్నాను, అదీ సాయపడుతోంది.

హైడ్రాక్సిజైన్ వాడుతున్నవాళ్ళు దీన్ని చదివి భయపడి సొంతంగా పారేయకండి. ఎంతోమందికి అది నిద్రనిస్తోంది, నాకూ ఇచ్చింది. మీ డాక్టరు దగ్గరికి మందుల కవరు మొత్తం పట్టుకెళ్ళండి. ముఖ్యంగా కంగారుకని ఎసిటలోప్రామ్ లాంటిది ఇంకొకరు రాసి ఉంటే అది తప్పకుండా చూపించండి, దానికీ క్యూటీని సాగదీసే గుణం ఉంది. జలుబు చేసిందని షాపులో సెట్రిజిన్ కొనకండి, హైడ్రాక్సిజైన్ ఒంట్లో మారి అయ్యేది సెట్రిజినే. మద్యం తాగే అలవాటున్నవాళ్ళు ఈ బిళ్ళ వేసుకుని ఆ జోలికి పోవద్దు. గర్భం నిలిచిందన్న అనుమానం ఉంటే ముందే చెప్పాలి. ప్రోస్టేట్ గ్రంథి వాచిన మగవాళ్ళకి మూత్రం బిగిసిపోవచ్చు, గ్లకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్ళకీ ఇబ్బందే. మా అత్తయ్యకి చలికాలం ఒళ్ళు పొడిబారి దురద. "నీ దగ్గర మిగిలినవి నాకియ్యే" అన్నారు. ఆవిడకి డెబ్బై దాటాయి. ఆ వయసులో మత్తుకి తూలి పడి తుంటి విరిగితే? కొబ్బరినూనె రాసి, మిగిలిన స్ట్రిప్పు అదే రోజు తీసేశాను.

అత్తయ్య మాత్రం ఇదంతా అరసవల్లి సూర్యనారాయణస్వామి దయ అంటారు. చర్మరోగాలకి ఆయన దగ్గరికే కదా మన జిల్లా అంతా వెళ్ళేది. నేను కూడా నమ్ముతాను. ఆ రాత్రి ఆ చిన్నమ్మాయి డ్యూటీలో ఉండటం ఆయన దయే అని నమ్ముతాను. మొక్కు చెల్లించడానికి ఆదివారం వెళ్తున్నాం. మా అన్నయ్య కుటుంబం కూడా వస్తోంది. వాళ్ళమ్మాయికి ఇంకా ఈసీజీ తీయించలేదు, పెళ్ళి సంబంధాలు చూస్తున్నాం ఇప్పుడెందుకు అని వదిన వెనకాడుతోంది. దర్శనం అయ్యాక వాళ్ళని పంపించను. సోమవారం పొద్దున నేనే దగ్గరుండి తీయిస్తాను.